పడటం మనది, విరగడం వాళ్లది

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేసుకునేది ఏమిటంటే, మా రాష్ట్రంలో ఇక మీదట ఎవరికి ఏ జబ్బు చేసినా ఖర్చంతా ప్రభుత్వమే పెట్టుకుంటుంది. ఉన్నవాడు లేనివాడు తేడా లేదు. ముసలి పడుచు తేడా లేదు. పంటినొప్పికీ గుండెనొప్పికీ తేడా లేదు. వైద్యానికి డబ్బు కట్టే చేతులు ఇన్నెందుకు, ఈ బీమా కంపెనీలెందుకు, రోగి జేబులు తడుముకోవడమెందుకు, కట్టే చెయ్యి ఒక్కటే ఉండాలి, అది మా చెయ్యి కావాలి అని మంత్రిగారు మైకులో సెలవిచ్చారు. చెబుతూ చెబుతూ ఆ చెయ్యి పైకెత్తి చూపించారు కూడా. మేమంతా మెడలు సాచి చూశాం. చాలా శుభ్రమైన చెయ్యి. అందులో ఏమీ లేదు.

దేశమంతా కలిసి చెయ్యలేని పని ఒక్క రాష్ట్రం చెయ్యగలదా అని కొందరు చదువుకున్నవాళ్లు సందేహపడ్డారు. వాళ్ల సందేహం నాకు నచ్చలేదు. పదిమంది కలిసి లేపలేని బండను ఒక్కడే లేపుతానంటే వాణ్ణి ఆపకూడదు. కాళ్ల మీద పడకుండా కాస్త పక్కకు జరిగి చూడాలి. మేం జరిగి చూశాం.

ఇందులో ఒక చిన్న సంగతి ఉంది. చిన్నది కనుకనే మంత్రిగారు దాన్ని చెప్పలేదు. పన్నుల్లో పెద్ద పన్నులన్నీ వసూలు చేసుకునేది పైనున్న పెద్ద సర్కారు. అందులోంచి మా రాష్ట్రానికి ఎంత ఇవ్వాలో, ఏ పనికి ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో ఆ సర్కారు ఇష్టం. దీన్ని పండితులు పెద్ద పెద్ద మాటల్లో చెబుతారు గాని, కాపురం చేసిన ఏ ఆడదానికైనా ఒక్క మాటలో తెలుస్తుంది. మా అత్తగారి కాలంలో కొట్టుగది తాళంచెవి ఆవిడ బొడ్లో ఉండేది. మా పెద్ద తోడికోడలు ఒకసారి వీధి వీధంతటినీ భోజనానికి పిలిచింది. అందరూ వచ్చి కంచాల ముందు కూర్చున్నాక వెళ్లి తాళంచెవి అడిగింది. "పిలిచే ముందు అడగాల్సిందమ్మా" అని అత్తగారు ముసుగుతన్ని పడుకుంది. ఆ పూట వీధంతా మంచినీళ్లు తాగి, తోడికోడలి మంచి మనసును మెచ్చుకుంటూ ఇళ్లకు పోయింది. మా రాష్ట్రం పథకం కూడా అంత మంచి మనసుతోనే మొదలైంది.

మాది సరిహద్దు వీధి. వీధి చివర తెల్ల గీత ఉంటుంది. ఇటు మా రాష్ట్రం, అటు పక్క రాష్ట్రం. ఆ గీత గీసిన మహానుభావుడికి మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వణికిందో, తుమ్మొచ్చిందో, కాస్త ఇటు వంగి మా వసారా మధ్యలోంచి పోయి, మళ్లీ బుద్ధి తెచ్చుకుని రోడ్డెక్కింది. నేను కాపురానికొచ్చిన నాటినుంచి దాన్ని తొక్కుకుంటూ తిరుగుతున్నాను. దానికీ నొప్పి లేదు, నాకూ లేదు. గీతకు అటు పక్కనే ఒక టీ కొట్టు, కొట్టు ముందు ఒక కర్రబల్ల. మా వైపు మగాళ్లందరూ పొద్దున్నే పరాయి రాష్ట్రానికి వెళ్లి టీ తాగి స్వరాష్ట్రానికి తిరిగొచ్చేవారు. దీన్ని అప్పట్లో ఎవరూ ప్రయాణం అనేవారు కాదు.

పథకం ప్రకటించాక గీతకు ప్రాణం వచ్చింది. వారం తిరక్కుండా మా వైపు ఇళ్లల్లో చుట్టాలు మొలిచారు. ఏళ్ల తరబడి కన్నెత్తి చూడని మేనత్తలు దగ్గుతూ దిగారు. పెళ్లి కాని దర్జీకి ఏకంగా అత్తగారే వచ్చింది, రెండు మోకాళ్ల నొప్పులతో. అధికారి వచ్చి, "ఏమయ్యా, నీకింకా పెళ్లే కాలేదుగా, అత్తగారెలా వచ్చింది?" అని అడిగితే, "అవుతుంది సార్, ముందు ఈవిడ మోకాళ్లు బాగవ్వాలి" అన్నాడు.

జబ్బులన్నీ ఇటొస్తుంటే, డబ్బు ఇక్కడ కూర్చుని ఏం చేస్తుంది? పథకానికి కొత్త పన్ను పడుతుందన్న పుకారు వినగానే బిస్కెట్ల ఫ్యాక్టరీ యజమాని తన బల్లా కుర్చీ ఎత్తించి గీతకు అవతల వేయించుకున్నాడు. ఫ్యాక్టరీ ఇక్కడే, పొగ ఇక్కడే, లాభం మాత్రం అక్కడ. ప్రభుత్వం ఇచ్చే రేటు గిట్టదని పేరున్న డాక్టర్లు ఇద్దరు ముగ్గురు బోర్డులు పీకించుకుని రోడ్డు దాటారు. వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ దారి ఒక్కటే కనుక ఎదురుపడినప్పుడు నమస్కారాలు పెట్టుకునేవారు. మర్యాదలో మా ప్రాంతానికి వంక పెట్టలేం.

పథకాన్ని ఇలా వదిలేస్తే మునుగుతుందని ప్రభుత్వం గ్రహించి గొప్ప ఆలోచన చేసింది. నువ్వు ఎక్కడివాడివని మనిషిని అడిగితే 'అందరికీ' అన్న మాట తప్పినట్టవుతుంది. మాట తప్పడం మా ప్రభుత్వానికి ఇష్టం లేదు. కనుక మనిషిని అడగకూడదు, జబ్బును అడగాలి. మా నేల మీద పుట్టిన జబ్బుకు మా పూచీ, పరాయి నేల మీద పుట్టిన జబ్బుకు ఆ నేలది పూచీ. ఇది తేల్చడానికి ప్రతి ఆస్పత్రిలో ఒక స్థానికత అధికారిని వేశారు. మా ఆస్పత్రికి వచ్చినాయన కళ్లజోడు పెట్టుకుని, ఎప్పుడూ టేపు చుట్ట జేబులో వేసుకుని తిరిగేవాడు. దర్జీ అత్తగారిని ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఈ మోకాళ్లు ఏ మెట్లెక్కి అరిగాయమ్మా?" పాపం, పిచ్చిది, నిజం చెప్పింది.

ఇక పథకం సంగతి నలుగురికీ తెలియాలి. ఉన్న కాస్త డబ్బుతో ఆస్పత్రికి కొత్త మంచాలు కొనాలా, గీత దగ్గర ఆర్చి కట్టాలా అని పెద్దలు చర్చించారు. మంచాలు లోపలెక్కడో ఉంటాయి, రోగులకు తప్ప ఎవరికి కనపడతాయి? ఆర్చి గెలిచింది. పాత మంచాల మీద ఇద్దరేసి పడుకున్నవాళ్లు కిటికీలోంచి ఆర్చి లేస్తుండటం చూసి ఆనందించారు.

ఆర్చి కట్టడం పూర్తయ్యాక దాని మీద అక్షరాలు రాసే పని మా తమ్ముడికి వచ్చింది. మా తమ్ముడు బోర్డులు రాసేవాడు. ఈ చుట్టుపక్కల ఏ దుకాణం మీద తలెత్తి చూసినా వాడి చేతి అక్షరమే. గుండ్రంగా, కడుపునిండా అన్నం తిన్నట్టుండే అక్షరాలు. వాడు మాత్రం ఊచలా ఉంటాడు. రాయాల్సిన వాక్యం మంత్రిగారి ఆఫీసునుంచే వచ్చింది: 'రండి. గీత దాటితే మీ ఒంటికి మాదే పూచీ.'

రాత ఏ వైపు ఉండాలన్నదానికి మాత్రం చర్చ కూడా అక్కర్లేకపోయింది. మనవాళ్లకు మన గొప్ప చెప్పి ఏం లాభం, వాళ్లకు అసలు సంగతి తెలుసు. చెప్పాల్సింది పక్కవాళ్లకు. కనుక అక్షరాలు అటువైపు తిరిగి ఉండాలి. అందుచేత నిచ్చెన కూడా గీతకు అటువైపే వేశారు.

ఆ పొద్దున నేను వసారాలో కూర్చుని చూస్తున్నాను. మా తమ్ముడు నిచ్చెన చివర నిలబడి, సుద్దతో గీసుకున్న అక్షరాల్లో నీలం రంగు నింపుతున్నాడు.

"ఒరేయ్, ఒంటికాలి మీద నిలబడతావేంట్రా, కొంగలాగా!" అని అరిచాను.

"రెండో కాలు ఆర్చి మీద ఉందక్కా. ఒక కాలు ఆ రాష్ట్రంలో, ఒక కాలు ఈ రాష్ట్రంలో. నా అంత పెద్దమనిషి ఉన్నాడా చెప్పు!"

"పెద్దమనిషివే. పడితే తెలుస్తుంది."

"పడితే మాత్రం ఏముందే? ఈ రాత చదువుకో. ఒంటికి వాళ్లదే పూచీ" అని నవ్వాడు.

'రండి. గీత దాటితే' వరకు రంగు నిండింది. రంగు డబ్బా అందుకోబోయి జారాడు. పడటం పడటం టీ కొట్టు బల్ల మీద పడ్డాడు. బల్ల విరిగింది. తుంటి దగ్గర ఎముకా విరిగింది. ఏది ముందు విరిగిందో తర్వాత చాలా విచారణ జరిగింది గాని, చప్పుడు మాత్రం ఒకేసారి వినిపించింది.

నేను గీతలూ గాతలూ చూసుకోకుండా పరిగెత్తాను. వాడు నీలం రంగులో తడిసి, కళ్లు తేలేసి ఉన్నాడు. మా వైపు అంబులెన్సు కూత పెట్టుకుంటూ వచ్చి గీత దగ్గర ఆగింది. అవతలి వైపు అంబులెన్సూ వచ్చి గీత దగ్గర ఆగింది. రెండూ ఎదురెదురుగా నిలబడి కాసేపు కూతలు పెట్టుకున్నాయి. అటు బండి డ్రైవరు, "మీ ఆర్చి, మీ మనిషి" అన్నాడు. మా బండి డ్రైవరు, "మీ నేల, మీ బల్ల" అన్నాడు. చివరికి దర్జీ, ఇంకా అత్తగారు కాని వాడి అత్తగారు, నేను కలిసి ఆ విరిగిన బల్ల పలక మీదే వాణ్ణి పడుకోబెట్టి మోసుకుంటూ మా ఆస్పత్రికి తెచ్చాం. మోకాళ్లు అరిగిన మనిషి, పాపం, ముందు కొస ఆవిడే పట్టుకుంది.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. చూడటం ఉచితమే కనుక దానికెవరూ అడ్డు చెప్పలేదు. ఫిల్ము వెలుతురుకు పెట్టి చూసి, "ఇక్కడ కడ్డీ వెయ్యాలమ్మా. ఎంత తొందరగా వేస్తే అంత మంచిది. ఆలస్యం చేస్తే కాలు పొట్టిదవుతుంది, నిచ్చెన మాట ఇక మర్చిపోవాల్సిందే" అన్నాడు.

"మరి వెయ్యండి బాబూ!"

"వేస్తాను. ఆ కళ్లజోడాయన్ని సంతకం పెట్టమనండి."

కళ్లజోడాయన మనసు లేనివాడు కాదు. తమ్ముడి మంచం పక్కన నిలబడి రెండుసార్లు అయ్యో అన్నాడు. తర్వాత టేపు తీసుకుని ఆర్చి దగ్గరికి వెళ్లాడు. ఎక్కడ కాలు జారింది, గాల్లో ఎటు తిరిగాడు, గీతను ఒంట్లోని ఏ భాగం ముందు దాటింది అన్నీ కొలిపించాడు. దర్జీని నిచ్చెన ఎక్కించి, పడినట్టు నటించమన్నాడు. వాడు సగంలోనే దిగి వచ్చి, "సార్, నాకు కాబోయే అత్తగారుంది, నా వల్ల కాదు" అన్నాడు. అంతా అయ్యాక ఆస్పత్రి వరండాలో నలుగురినీ నిలబెట్టి ఆయన తీర్పు చదివినట్టు మాట్లాడాడు.

"ఈ ప్రభుత్వం ప్రజలది. ఇక్కడ ఎవరికీ అన్యాయం జరగదు. విచారణలో తేలిందేమిటంటే, కాలు జారింది మన ఆర్చి మీద. కనుక పడటం మనది. ఎముక తగిలింది అవతలి నేల మీదున్న బల్లకు. కనుక విరగడం వాళ్లది. మనదైన పడటానికి పూర్తి వైద్యం, పైసా ఖర్చు లేకుండా, ఈ క్షణంనుంచే మొదలవుతుంది."

మొదలైంది కూడా. వైద్యంలో లోపం చెబితే కళ్లు పోతాయి. తల తిరక్కుండా మాత్రలిచ్చారు. కళ్లు పరీక్షించారు, చెవులు పరీక్షించారు. ఒక చిన్న డాక్టరమ్మ వచ్చి, ఎత్తైన చోట ఎలా నిలబడాలో మంచం మీద కదల్లేకుండా పడున్న మా తమ్ముడికి ఓపిగ్గా నేర్పింది. వారం తిరిగేసరికి వాడి పడటం పూర్తిగా నయమైంది. కాలు మాత్రం విరిగే ఉంది.

అవతలి రాష్ట్రం ఆస్పత్రిలో కూడా అడక్కపోలేదు. మా మరదలే వెళ్లింది. మా తమ్ముడి పెళ్లాం, నోరున్న మనిషి. అక్కడి అధికారి ఇంకా చదువుకున్నవాడు. "విరగడం మా నేల మీదేనమ్మా, కాదనం. కాని ఈ పతనం దిగుమతి అయింది. దిగుమతి సరుకు విరిగితే పంపినవాడిదే బాధ్యత" అన్నాడట. డబ్బు కడితే మాత్రం దిగుమతి అయినా సరే, ఆ సాయంత్రమే ఆపరేషన్ చేస్తారట. చేసేది ఎవరనుకున్నారు? మొన్నటిదాకా మా వీధిలో బోర్డున్న డాక్టరే.

ఈలోగా ఇంకో సంగతి. పక్క రాష్ట్రంలో మనుషులకు పథకం లేదు గాని చిన్న వ్యాపారుల సామానుకు ఉంది. టీ కొట్టాయన వెళ్లి తన బల్ల మీద పొరుగు రాష్ట్రపు మనిషి పడ్డాడని చెప్పుకున్నాడు. వాళ్లు వచ్చారు, చూశారు, అయ్యో అన్నారు, కొత్త బల్ల ఇచ్చారు. పాతదానికంటే గట్టిది. నాలుగు కాళ్లూ టేకువి. ఆయన నన్ను చూసి సిగ్గుపడుతూ, "పిన్నిగారూ, తమ్ముడు మళ్లీ పడ్డా ఇది ఆగుతుంది" అన్నాడు. ఆయన మంచితనం అలాంటిది.

మరదలు మాత్రం మంచం పక్కనుంచి కదలడం మానేసింది. ఆ మధ్యాహ్నం నేను అన్నం తీసుకెళ్లేసరికి మొగుడి చెయ్యి వైపు చూపించింది. వాడు కళ్లు మూసుకుని ఉన్నాడు. కుడిచెయ్యి మాత్రం గాల్లో కదులుతోంది. మెల్లగా, గుండ్రంగా. మిగిలిపోయిన అక్షరాలు రాసుకుంటున్నాడు.

"వదినా, పొద్దుట్నుంచీ ఇదే. 'మీ ఒంటికి మాదే పూచీ' దగ్గరే తిరుగుతున్నాడు. ఈయనకి నిచ్చెన లేకపోతే ఏముంది వదినా? ఆ చేత్తో కింద కూర్చుని ఏం రాస్తాడు, పప్పుల డబ్బాల మీద పేర్లా?"

"ఊరుకోవే, వింటాడు."

"వింటే వినీ. పథకం వచ్చినరోజు ఈలేసి గోల చేసింది ఈయనే. ఇప్పుడు ఈలెయ్యమను!"

తమ్ముడు కళ్లు తెరవకుండానే, "పడటం తగ్గిందిగా, కొంచెం ఈలేస్తాలే" అన్నాడు. మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్విందో ఏడ్చిందో నేనటు చూడలేదు.

ఇలా ఒక మనిషి కాలు పొట్టిదవుతుంటే ప్రపంచంలో ఎవరికీ తొందర లేదు. కాని అటు ఆర్చికి తొందరొచ్చింది. ప్రారంభోత్సవం దగ్గరపడింది. ఆర్చి మీద నీలం రంగులో మెరుస్తున్నది సగం వాక్యమే: 'రండి. గీత దాటితే'. పక్క రాష్ట్రంవాళ్లు అది చదివి బెదిరింపు అనుకున్నారు. వాళ్ల పోలీసులు వచ్చి, దాటితే ఏం చేస్తారో స్పష్టంగా చెప్పమని అడిగి వెళ్లారు. కాంట్రాక్టరు హడలిపోయి ఇంకో పెయింటరును తెచ్చాడు. వాడు 'మీ' ఒక్కటి రాశాడు. తమ్ముడి అక్షరాల పక్కన అది పెళ్లివారి పక్కన నిలబడ్డ అప్పులవాడిలా ఉంది. మంత్రిగారి ఆఫీసు ఆ ఫొటో చూసి, మొదటి చేతితోనే పూర్తి చేయించాలని హుకుం పంపింది.

అప్పుడు కాంట్రాక్టరుకు మా తమ్ముడి మీద ప్రేమ పుట్టింది. పళ్ల బుట్టతో వచ్చాడు.

"ఎప్పుడు లేస్తాడు పిన్నిగారూ?"

"కడ్డీ వేస్తే లేస్తాడు నాయనా. వెయ్యమని చెప్పు."

"ఎవరెయ్యాలి?"

"అదేగా విచారిస్తున్నారు."

ఆయన కాసేపు తల గోక్కున్నాడు. కాంట్రాక్టర్ల తలల్లో ఏముంటుందో మనకు తెలియదు గాని, గోకితే మాత్రం ఏదో ఒకటి రాలుతుంది. ఒక్కసారిగా తొడ చరుచుకుని, "ప్రారంభమయ్యేదాకా ఆర్చిలో ఏది విరిగినా బాగుచేయించే పూచీ కట్టడాల శాఖది పిన్నిగారూ! మీవాడు విరిగింది ప్రారంభానికి ముందేగా! ఆర్చి మీద ఉండగానేగా!" అన్నాడు.

కళ్లజోడాయనకు ఈ మాట చెప్పగానే ముఖం చాటంత చేసుకున్నాడు. ఆయనకూ ఇన్నాళ్లూ మనసులో మనసు లేదు. రోగి కాలైతే ఆయన సంతకం కావాలి, ఆర్చి కాలైతే అక్కర్లేదు. ఆ రోజే కాగితం కదిలింది. 'నిర్మాణంలో ఉన్న స్వాగత ద్వారమునకు చెందిన ఎడమ కాలు దెబ్బతిన్నందున అత్యవసర మరమ్మతు.' కట్టడాల శాఖ ఇంజినీరు స్వయంగా ఆస్పత్రికి వచ్చి తమ్ముడి కాలు తనిఖీ చేశాడు. చిన్న సుత్తితో తట్టి చూడబోతే మరదలు చెయ్యి పట్టుకుంది. "సరే, బయటికి బాగానే ఉంది, లోపం పునాదిలో ఉన్నట్టుంది" అని రాసుకుని, మరమ్మతు అయ్యాక ఎన్నాళ్లు తడపాలని డాక్టరును అడిగాడు.

ఆపరేషన్ దివ్యంగా జరిగింది. డాక్టరు మేస్త్రీ అని రాసున్న చోట సంతకం పెట్టాడు. ఇనప కడ్డీ, మరలు, ప్లాస్టరు అన్నీ ఆ శాఖ సామాన్ల పట్టీలో ఉన్నవే కనుక ఇబ్బంది రాలేదు. రక్తం ఒక్కటే పట్టీలో లేదు. దాన్ని ఎర్ర రంగు కింద చూపించారు.

ఎముక అతకడానికి వ్యవధి కావాలి కదా, ప్రారంభోత్సవం ఎలా అని మీరడగొచ్చు. ఆ విషయంలో మాకు మంత్రిగారే సాయపడ్డారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయనకు జలుబు చేసింది. వైద్యానికి వేరే దేశం వెళ్లారు. జలుబు అక్కడి నేల మీద పుట్టినదేనని తేలిందట, కనుక అక్కడే ఉండి నయం చేసుకోవడం న్యాయం. తిరిగొచ్చేసరికి మా తమ్ముడు చంకకర్రలతో నడుస్తున్నాడు. కుర్చీకి తాళ్లు కట్టి పైకి లాగితే కూర్చునే మిగతా అక్షరాలు పూర్తి చేశాడు. 'మాదే పూచీ' దగ్గర రంగు ఇంకాస్త ఎక్కువ దట్టించాడు. ఎందుకురా అంటే, "ఇదే ముందు వెలిసేదక్కా" అన్నాడు.

ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు గొంతు సవరించుకుని ఇలా సెలవిచ్చారు: "చెయ్యలేరన్నారు. చేసి చూపించాం. ఒక్క రాష్ట్రం వల్ల ఏమవుతుందన్నారు. చూడండి ఈ ఆర్చి! పథకం మొదలైన నాటినుంచి నేటివరకు అర్హుడైన ఒక్క రోగినీ మేం వెనక్కి పంపలేదు. నా గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను." అదే శుభ్రమైన చెయ్యి. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. వెనక్కి పోయినవాడెవడూ అర్హుడు కాడు, బాగైన మా తమ్ముడు రోగి కాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. మా తమ్ముడు చంకకర్ర కింద పెట్టి మరీ కొట్టాడు. దర్జీ ఆ సాయంత్రమే తన అత్తగారిని కోర్టు భవనం తాలూకు రెండు మెట్లుగా నమోదు చేయించడానికి దరఖాస్తు పెట్టాడు. అది పరిశీలనలో ఉంది.

ఇక కొట్టుగది తాళంచెవి సంగతి. మా రాష్ట్రం పెద్ద సర్కారును బతిమాలింది, అలిగింది, అర్జీ పెట్టింది. పిలిచే ముందు అడగాల్సిందని సమాధానం వచ్చింది. సొంతంగా బీమా కంపెనీల మీద పన్నేసుకుంటామంటే, అది మీ హద్దులో లేదని ఇంకో సమాధానం వచ్చింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే. ఇక మిగిలింది మేం. ఇంటికింత అని ఆరోగ్య పన్ను వేస్తున్నామనీ, ఇది నిలబడితే గీతలూ కొలతలూ తీసేసి నిజంగానే అందరికీ వైద్యం చేస్తామనీ దండోరా వేశారు. ఈసారి చెప్పినవాడు మంత్రి కాదు, ఎముకల డాక్టరే వీధిలోకి వచ్చి, "అమ్మా, మీరు తలా కాస్త వేస్తే నేను మేస్త్రీగా సంతకం పెట్టక్కర్లేదు" అన్నాడు. మేం ఆయన మాటకు కరిగిపోయాం. కాఫీ ఇచ్చి పంపించాం.

మర్నాడు తెల్లారేసరికి మా వీధి అవతలికి నడుస్తోంది. దగ్గుతూ వచ్చిన మేనత్తలు దగ్గు ఆపుకుని వెళ్లారు. పొయ్యిలు, పరుపులు, కుట్టుమిషను, అన్నీ ఆర్చి కిందనుంచే పోయాయి. అక్షరాలు అటువైపు ఉన్నాయి కనుక పోయేవాళ్లకు అవి కనపడవు. ఆ వరసలో చంకకర్ర ఊపుకుంటూ మా తమ్ముడూ కనిపించాడు. వెనక మరదలు నెత్తి మీద మూటతో. టీ కొట్టు వెనక గది అద్దెకు తీసుకున్నారట.

"ఒరేయ్, నువ్వు కూడానా! నీ కాలికి కడ్డీ ఎవరేశార్రా?" అని కేకేశాను.

"నా కాలికెవరూ వెయ్యలేదక్కా. వేసింది ఆర్చికి. నా విరగడం అటువైపుదేనని మీ కళ్లజోడాయనే కొలిచి చెప్పాడుగా? విరిగింది ఎక్కడైతే మనిషీ అక్కడివాడే" అని, గీత దాకా వచ్చి, ఆరోగ్యంగా ఉన్న కాలితో దాన్ని దాటాడు.

వాణ్ణి చూసి నాకు సిగ్గేసింది. ఇంత సహాయం పొంది ఇలా చెయ్యొచ్చా? మనిషన్నవాడికి విశ్వాసం ఉండాలి. అందుకే నేను మాత్రం ఇల్లు వదలి ఎక్కడికీ పోలేదు. పోను కూడా. నా మంచం తెచ్చి వసారాలో గీత మీదుగా వేయించుకున్నాను. తల ఇటు, కాళ్లు అటు. జబ్బు చేస్తే ఆస్పత్రివాళ్లను తలవైపునుంచి వచ్చి పలకరించమన్నాను. పన్నుకొచ్చేవాళ్లు కాళ్లవైపునుంచి రావాలి.

నవ్వుతున్నారా? నవ్వండి. నవ్వడం అయ్యాక ఒకసారి వంగి, మీ మంచం కింద గీత ఎటునుంచి ఎటు పోతోందో చూసుకోండి.